ముక్కాలి పీట నేర్పిన పాఠం: కిందికి దించిన కారుకు తొలిసారి ఎయిర్ సస్పెన్షన్ బిగించిన కేసు

తిరుపతిలో పదిహేడేళ్లుగా సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పనులు చేస్తున్నాను. అయినా ఉక్కు స్ప్రింగులు తీసేసి కారును గాలి మీద నిలబెట్టే పని నా చేతికి వచ్చింది ఒక్కసారే. బిగింపు నాలుగు రోజుల్లో అయిపోయింది. బిగించిన కారు బ్రేకు తొక్కితే నేరుగా ఆగడానికి మాత్రం ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో నా కంటి ముందే ఉన్న అంకెలను నేను ఎందుకు పట్టించుకోలేదన్నదే ఈ కేసులో అసలు విషయం. యజమాని అనుమతితో రాస్తున్నాను. ఆయన్ని, కారును గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

సేఫ్టీ ఎయిర్‌బ్యాగుతో తికమక రాకుండా, గాలి నింపే రబ్బరు సంచిని బస్సు మెకానిక్కులు పిలిచినట్టే ‘బెలూన్’ అని పిలుస్తాను.

నేపథ్యం

అది పదకొండేళ్ల పెట్రోలు సెడాన్. ముందువైపు స్ట్రట్లు, అంటే స్ప్రింగు, దాని ఊపును అణచే షాక్ అబ్సార్బర్ ఒకటిగా ఉంటాయి. వెనుక అడ్డంగా ఒకే బీము, దాని మీద స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ వేర్వేరుగా ఉంటాయి. బ్రేకులకు ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. రోజూ తిరగడానికి యజమానికి వేరే కారుంది. దీన్ని ముచ్చట కోసం కొన్నాడు. రెండేళ్ల కిందట ఎవరిచేతనో నాలుగు స్ప్రింగులనూ ఒకటిన్నర చుట్టు చొప్పున కోయించి కారును కిందికి దించాడు.

స్ప్రింగు కోస్తే ఎత్తు ఒక్కటే తగ్గదు. పనిచేసే చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఆరు చుట్లలో ఒకటిన్నర పోతే గట్టిదనం మూడో వంతు పెరుగుతుంది. ఆ గట్టిదనాన్ని అదుపుచేసే శక్తి పాత షాక్‌లకు ఉండదు. పైగా వాటి పిస్టన్ ఎప్పుడూ అడుగు దగ్గరే ఆడుతుంటుంది. నలుగురితో తిరుమల రెండో ఘాట్ ఎక్కినప్పుడు మలుపు మలుపుకూ వెనుక టైరు మడ్‌గార్డు లోపలి అంచును ఒరుసుకుందట. ముందు టైర్లు లోపలివైపు దారాలు తేలేంతగా అరిగిపోయాయి. స్పీడ్ బ్రేకరు కనబడితే కారులో వాళ్లంతా దిగి నడవాల్సి వచ్చేది. “అన్నా, నిలబెట్టినప్పుడు నేలకు ఆనుకోవాలి, నడిపేటప్పుడు లేవాలి” అని ఆయన అడిగింది ఇంతే. ఆ కోరికకు తగిన సామాను గాలి తప్ప మరొకటి లేదు.

ఒప్పుకునే ముందు చట్టం సంగతి తేల్చుకున్నాం. తయారీదారు ఇచ్చిన వివరాలతో ఆర్‌సీలో ఉన్నవి విభేదించేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాల్సిందేనని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక ఇన్సూరెన్సు కంపెనీ ముఖం చాటేస్తుందన్నది వేరే చెప్పాల్సిన పనిలేదు. అందుకే నేను రెండు షరతులు పెట్టాను. కారు రోడ్డు మీద నడవకూడదు; ప్రదర్శనలకు ట్రక్కు మీదే వెళ్లాలి. రెండోది, చాసిస్ మీద ఎక్కడా కోత గానీ వెల్డింగు గానీ ఉండకూడదు. విప్పిన ప్రతి భాగం భద్రంగా ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పూర్వ స్థితికి తేగలగాలి. రెండో షరతు వల్ల పని కష్టమైంది గానీ, తర్వాత చూస్తే నాకు మేలు చేసింది అదే.

నడిపి చూడటానికి చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆవరణ దొరికింది. యజమాని బంధువులది. సీజన్ అయిపోవడంతో సిమెంటు గచ్చు అంతా ఖాళీగా ఉంది.

ముందు కారును కారులా చేయడం

ఎయిర్ సస్పెన్షన్ కిట్టు పెట్టెలు వచ్చి గేరేజీలో ఉన్నాయి. యజమాని తొందరపడ్డాడు. అయినా మూడు వారాలు వాటిని విప్పలేదు. కోసిన స్ప్రింగుల మీద రెండేళ్లు తిరిగిన కారుకు ఏ రోగం దేనివల్ల వచ్చిందో తెలియకుండా దాని మీద మరో కొత్త వ్యవస్థ బిగిస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు పాత తప్పును, కొత్త తప్పును విడదీయలేం. అందుకని కంపెనీ కొలతల స్ప్రింగులు, కొత్త షాక్‌లు, కొత్త లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది చేతికి ఉండే రబ్బరు కీళ్లు), స్ట్రట్ మౌంట్లు వేసి కారును మొదటి స్థితికి తెచ్చాం. సస్పెన్షన్ అడుగంటా దిగినప్పుడు దెబ్బ కాచుకునే పాత రబ్బరు బంప్ స్టాపుల్లో రెండు పొడి అయిపోయాయి, ఒకటి అసలు లేనే లేదు. ముందు షాక్‌లలో ఒకటి చేత్తో నొక్కితే తిరిగి పైకి రాలేదు.

అలా నిలబెట్టిన కారును ఫ్యాక్టరీ గచ్చు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిపి, గట్టిగా బ్రేకు తొక్కి చూశాం. నేరుగా ఆగింది. ఆ రోజు ఇది పెద్ద విషయంగా తోచలేదు. పుస్తకంలో ఒక్క వాక్యం రాసి పెట్టుకున్నాను.

బిగింపు

చక్రం నడుమ ఉండే హబ్ మధ్య నుంచి ఫెండరు (చక్రం పైనుండే రేకు) అంచు వరకూ కొలిస్తే ముందువైపు కంపెనీ ఎత్తు 385 మి.మీ.; కోసిన స్ప్రింగుల మీద 325. నడిపే ఎత్తుగా 355 ఎంచుకున్నాను. ఆ ఎత్తులో లోయర్ ఆర్మ్ దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది, బెలూను తయారీదారు చెప్పిన పనిచేసే పొడవుకు దగ్గరగా ఉంటుంది, షాక్ పిస్టన్ నడి భాగంలో ఉంటుంది. యజమానికి ఇంకా కిందికి కావాలని ఉంది. ఆపినప్పుడు ఎంత కిందికైనా దించుకోవచ్చు గానీ, నడిచే ఎత్తును మాత్రం కంటికి నచ్చినట్టు పెట్టకూడదని ఒప్పించాను. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను కూడా కారు ఈ ఎత్తులో నిలబడినప్పుడే బిగించాం. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి కొద్ది నెలల్లో చిరుగుతుంది.

వెనుక బెలూన్లు స్ప్రింగు కూర్చునే చోటే కూర్చున్నాయి. పూర్తిగా ఉబ్బించి చుట్టూ వేలు తిప్పి చూస్తే, కుడి పక్కన సైలెన్సరు పైపుకు మధ్య బొటనవేలంత సందు కూడా లేదు. అందువల్ల పైపును కొద్దిగా పక్కకు జరిపి, మధ్యలో రేకు కవచం పెట్టాం. కంప్రెసరు, 11 లీటర్ల ట్యాంకు, నాలుగు బెలూన్లకూ గాలి పంచే వాల్వు దిమ్మె డిక్కీలో స్టెప్నీ గుంతలో అమరాయి. కంప్రెసరుకు లావుపాటి వైరు వేరుగా లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాం. డిక్కీ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని చాసిస్‌కు తగిలిన రోజు ఆ ఫ్యూజు ఉన్నా లేనట్టే.

కుర్రవాళ్లకు ఒక్క నియమం మాత్రం రోజూ చెప్పాను. గాలి మీద నిలబడిన కారు కింద, స్టాండ్లు పెట్టకుండా ఎవరూ చెయ్యి కూడా పెట్టకూడదు. ఉక్కు స్ప్రింగు చెప్పకుండా దిగదు, వాల్వు తెరుచుకుంటే బెలూను మాత్రం దిగుతుంది.

మొదటి వైఫల్యం: గాలి నిలవకపోవడం

తెల్లారేసరికి కుడి ముందు మూల 40 మి.మీ. దిగిపోయింది. ఇంజిను నడుస్తుంటే పన్నెండు నిమిషాలకోసారి కంప్రెసరు లేచేది. చిన్న కంప్రెసర్లు నిరంతరం ఆడటానికి చేసినవి కావు. తిరుపతి ఎండలో మూసిన డిక్కీలో అలా ఆడితే ఎంతో కాలం మిగలవు. కాబట్టి ముందు దీన్ని తేల్చాల్సి వచ్చింది.

సబ్బు నురుగు రాస్తే ముందు బెలూను కనెక్టరు దగ్గర బుడగలు వచ్చాయి. పైపు తీసి చూస్తే చివర ఏటవాలుగా ఉంది. మా కుర్రవాడు కటింగ్ ప్లేయరుతో కోశాడు. తోసి బిగించే కనెక్టర్లలో లోపలి రబ్బరు రింగు పైపు చుట్టూ సమంగా పట్టుకోవాలి. కోత వంకరైతే ఒక పక్క రింగుకు అందదు. పదును బ్లేడుతో నిటారుగా మళ్లీ కోశాక అక్కడ ఆగింది గానీ, మూల మాత్రం రాత్రికి 15 మి.మీ. దిగుతూనే ఉంది. ఏ జాయింటు దగ్గరా నురుగు లేదు. చివరికి వాల్వు దిమ్మె నుంచి గాలి బయటికి వదిలే పైపు కొసను టీ గ్లాసులో నీళ్లలో ముంచి చూశాం. అయిదారు క్షణాలకో బుడగ పైకి వచ్చింది. వాల్వు విప్పితే దాని సీటు మీద జొన్నగింజలో సగం కూడా లేని తెల్లటి పీలిక అంటుకుని ఉంది. కనెక్టర్ల మరల (థ్రెడ్ల) మీద నేనే చుట్టిన టెఫ్లాన్ టేపు! మొదటి మర నుంచే చుట్టడం వల్ల దాని కొస తెగి లోపలికి పోయింది. ప్లంబింగులో ఆ పీలిక కొళాయిలోంచి కొట్టుకుపోతుంది. ఇక్కడ సీటు మీద కూర్చుంటుంది. నాలుగు జాయింట్లూ విప్పి, టేపు గోకి, మరల మీద రాసే ద్రవ సీలెంటు వాడాం.

రెండో వైఫల్యం: ఎడమకు లాగడం

గాలి నిలిచాక కారును ఫ్యాక్టరీకి తీసుకెళ్లాం. చూపుకు చక్కగా ఉంది. ముందు రెండు మూలలూ 355, వెనుక రెండూ 360. మిల్లీమీటరు తేడా లేదు. నలభై వేగంలో బ్రేకు తొక్కగానే కారు రెండడుగులు ఎడమకు జరిగి ఆగింది. దిగి చూస్తే గచ్చు మీద కుడి ముందు టైరు నల్లటి గీత గీసింది, ఎడమ టైరు ఏ గుర్తూ పెట్టలేదు.

బ్రేకు లాగితే బ్రేకునే అనుమానించడం మా వృత్తిలో అలవాటు. క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేశాం, ప్యాడ్లు మార్చాం, బ్రేకు గొట్టాలు చూశాం. తర్వాత ముందు టైర్లు అటువి ఇటు వేశాం. తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చూశాం. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగానే ఉంది. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి, యజమాని ఫోన్లు పెరిగాయి, లాగడం మాత్రం అలాగే ఉంది. అప్పుడు పాత పుస్తకంలో ఆ ఒక్క వాక్యం కంటబడింది. ఇదే గచ్చు, ఇవే బ్రేకులు, ఉక్కు స్ప్రింగుల మీద నేరుగా ఆగింది. అంటే తప్పు బ్రేకుది కాదు, గాలిది. ఈ మాట మొదటి రోజే అనుకోవాల్సింది.

చిత్తూరులో ముప్ఫై ఏళ్లకు పైగా బస్సుల గాలి సస్పెన్షన్ చూసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్లి గోడు చెప్పుకున్నాను. ఆయన కారు చూస్తానని కూడా అనలేదు. “బస్సులో లెవెలింగ్ వాల్వులు ఎన్ని ఉండాయో ఎప్పుడైనా లెక్కబెట్టినావా నాయనా?” అని అడిగాడు. బస్సు ఎత్తు తగ్గితే బెలూనులోకి గాలి పంపి, పెరిగితే వదిలేవి ఆ వాల్వులు. చక్రాల దగ్గర నాలుగు మూలలుంటాయి కాబట్టి నాలుగు అన్నాను. “మూడే. ముందరొకటి, ఎనక రెండు. నాలుగు పెట్టి చూడు, నాలుగూ కొట్లాడుకుంటాయి. కుంటి మంచం తెలీదా నీకు?”

ఆ ఒక్క మాటతో విషయం తెలిసిపోయింది. నాలుగు కాళ్ల మంచంలో ఒక కాలు కింద చిల్లపెంకు పెడితే, ఆ కాలూ దాని మూలకు ఎదురు మూలలో ఉన్న కాలూ బరువంతా మోస్తాయి. మిగతా రెండూ నేలను ఊరికే తాకుతుంటాయి. ముక్కాలి పీటకు ఈ బాధ లేదు, ఎక్కడ వేసినా మూడు కాళ్లూ తమ వాటా తాము మోస్తాయి. ఉక్కు స్ప్రింగులున్న కారుకు ఈ గొడవ పెద్దగా ఉండదు, ఎందుకంటే నాలుగు స్ప్రింగుల పొడవూ ఫ్యాక్టరీలోనే తేలిపోయి ఉంటుంది. గాలి విషయంలో ఒక మూలకు, దాని ఎదురు మూలకు గాలి పెంచి, మిగతా రెండింటికి తగ్గిస్తే, కారు ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా మారకుండానే బరువు ఐమూలగా మారిపోతుంది. టేపుతో ఎంతసేపు కొలిచినా అది కనబడదు.

కాటా మీద

మరి ఎలా కనబడుతుంది? రేసు కార్లకు చక్రానికొకటి చొప్పున తూచే తూకపు పలకలుంటాయి. నా దగ్గర లేవు. ఫ్యాక్టరీ గేటు పక్కనే మామిడి ట్రాక్టర్లు తూచే కాటా ఉంది. గుంత కాటా కావడంతో దాని పళ్లెం గచ్చుతో సమంగా ఉంటుంది. కారును పళ్లెం అంచుకు ఆనించి నడిపి ఒక్కో చక్రాన్నే ఎక్కించవచ్చు. పెద్ద కాటాను ఇంత చిన్న బరువులకు పూర్తిగా నమ్మకూడదు, పైగా అది పది కిలోల మెట్టుతో చూపిస్తుంది. అందుకని ఒక్కో చక్రాన్ని మూడేసి సార్లు ఎక్కించాం. ఎప్పుడూ పది కిలోలకు మించి తేడా రాలేదు. (గుమాస్తా ఇచ్చిన చీటీలన్నిటిలో సరుకు గడిలో ‘తోతాపురి’ అనే పడింది. అవి ఇప్పటికీ నా పుస్తకంలో అంటించి ఉన్నాయి.)

యజమాని సీట్లో ఉండగా వచ్చిన బరువులు ఇవి. ముందు ఎడమ 390, ముందు కుడి 300, వెనుక ఎడమ 180, వెనుక కుడి 270. ఎడమ పక్క మొత్తం 570 కిలోలు, కుడి పక్కా 570 కిలోలే. పక్కల లెక్క చూస్తే కారు తక్కెడలా సమంగా ఉంది. ఐమూలగా కూడితే మాత్రం ఒకవైపు 660, మరోవైపు 480. తేలికగా ఉన్న కుడి ముందు టైరుకు నేల మీద పట్టు తక్కువ కాబట్టి అదే ముందు బిగుసుకుని జారింది. బరువున్న ఎడమ టైరు గట్టిగా పట్టుకుని కారును తన వైపుకు లాగింది.

ఇక నా తప్పు సంగతి. ప్రెజర్ గేజీలు అన్ని రోజులూ నా ముందే ఉన్నాయి. ముందు ఎడమ 59 పీఎస్ఐ, కుడి 44. వెనుక ఎడమ 20, కుడి 33. గేజీలు చౌకరకమనీ, బ్యాటరీ ఎడమవైపు ఉందనీ, డ్రైవరు కుడివైపు కూర్చుంటాడనీ నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. బెలూను మోసే బరువు దాని పీడనాన్ని ప్రభావ వైశాల్యంతో గుణిస్తే వస్తుంది. ముందు బెలూనుకు ఆ ఎత్తులో ఆ వైశాల్యం సుమారు 85 చదరపు సెంటీమీటర్లు. చక్రం, హబ్ బరువు 40 కిలోలు తీసేసి లెక్కవేస్తే, కాటా చీటీలోని 390 కిలోలకు సుమారు 59 పీఎస్ఐ రావాలి. గేజీ అంతే చూపింది. గేజీ నిజమే చెప్పింది, నేనే వినలేదు.

అసలు ఇలా ఎందుకు అడ్డం తిరిగింది? కొలతకు నేను తీసుకున్న ఫెండరు అంచే అబద్ధం. ఎడమ ముందు ఫెండరు ఎప్పుడో దెబ్బతిని మార్చింది. దాని అంచు 8 మి.మీ. కిందికి ఉంది. దాన్ని కుడివైపుతో సమం చేయడానికి ఎడమ ముందు మూలలో గాలి పెంచాను. కారు ఒరిగి వెనుక కుడి మూల దిగింది. దాన్ని సరిచేయడానికి అక్కడా పెంచాను. పైకి లేచిన మిగతా రెండింటిలో తగ్గించాను. ఒక్కో మూలనూ విడిగా టేపుకు సరిపెడుతూ, మంచం కాళ్ల కింద నేనే చిల్లపెంకులు పెట్టుకుంటూ పోయాను.

పనిచేసింది

కొలతకు ఆధారంగా ఫెండర్లను వదిలేసి, కారు తలుపుల గుమ్మం కింద చాసిస్ మీద జాకీ ఆనించే నాలుగు చోట్లను తీసుకున్నాం. ముందు రెండు బెలూన్ల పైపుల మధ్య చిన్న చేతి వాల్వుతో ఒక అడ్డు పైపు కలిపాం. ఎత్తు సరిచేసేటప్పుడు ఆ వాల్వు తెరిస్తే ముందు రెండు బెలూన్లలోనూ పీడనం దానంతటదే ఒకటవుతుంది. అంటే ముందువైపు మొత్తం ఒకే కాలు. తర్వాత వెనుక ఎడమ, వెనుక కుడి బెలూన్లతో కారును సమానానికి తెస్తాం. అంతటితో ముక్కాలి పీట అయింది. సరిపెట్టాక యాభై అడుగులు నడిపి, బుష్‌లు సర్దుకున్నాక మళ్లీ కొలిచి, అప్పుడు చేతి వాల్వు మూసేస్తాం.

ఆ వాల్వును తెరిచే ఉంచవచ్చు కదా అని యజమాని అడిగాడు. తెరిచి ఉంచితే మలుపులో బయటి బెలూను మీద బరువు పడగానే దానిలోని గాలి లోపలి బెలూనులోకి పోతుంది. అప్పుడు ఒరగకుండా ఆపేది కుడి ఎడమ చక్రాలను కలిపే అడ్డ కడ్డీ (యాంటీ రోల్ బార్) ఒక్కటే. అందుకే కారు నిలబడి ఉన్నప్పుడు మాత్రమే తెరవాలి.

మళ్లీ కాటా ఎక్కించాం. ముందు 350, 340. వెనుక 220, 230. ఐమూలగా 580, 560. గేజీల్లో ముందు 52, 50. వెనుక 26, 27. ఎడమ ఫెండరు అంచు మాత్రం చూపుకు కొద్దిగా దిగినట్టుంది, యజమాని దాన్ని వంగి వంగి చూశాడు. పదిసార్లు నలభైలో బ్రేకు తొక్కాడు. పదిసార్లూ నేరుగా ఆగింది. గచ్చు మీద రెండు గీతలూ పక్కపక్కనే సమంగా పడ్డాయి. ఆ తర్వాత ఫెండరు ఊసు ఎత్తలేదు.

నా పని పద్ధతిలో మార్పు

ఇప్పుడు ఎత్తు సరిచేసే ఏ కారుకైనా, అది ఉక్కు స్ప్రింగుల కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ జత) అయినా సరే, టేపు కొలతతో పాటు బరువు లెక్క కూడా రాస్తున్నాను. పక్కపక్క బెలూన్ల మధ్య 5 పీఎస్ఐ కంటే ఎక్కువ తేడా కనబడితే, దానికి కారణం చెప్పగలిగే వరకూ కారును గేరేజీ నుంచి కదలనివ్వను. ‘గేజీ చౌకరకం’ అన్నది కారణంగా చెల్లదు. ఫెండరు అంచు నుంచి కొలవడం పూర్తిగా మానేశాను. మార్పుకు ముందు బండి ఎలా నడుస్తోందో చూడకుండా కిట్టు విప్పనన్న నియమం మొదటి నుంచీ ఉంది గానీ, ఆ తొలి పరీక్ష ఫలితాన్ని ఇప్పుడు పుస్తకంలో కాదు, పనిచేసే చోట గోడ మీద సుద్దతో రాస్తున్నాను. టెఫ్లాన్ టేపు చుట్టను మా కుర్రవాడు ఇంటికి తీసుకెళ్లి కొళాయికి వాడుకున్నాడు.

వెనుక ఎడమ మూల ఇప్పటికీ రాత్రికి 3 మి.మీ. దిగుతోంది. నురుగులో బుడగ రాదు, గ్లాసు నీళ్లలోనూ రాదు. నెలకోసారి యజమాని తెల్లవారుజామున గుమ్మం కింద కొలిచి అంకె పంపుతున్నాడు. మొన్నటిది కూడా 3.